జనుము, గోగు, గంజాయి: ‘హెంప్’ సరుకుపై వర్తకులు తెలుసుకోవలసిన చట్టం

నార సరుకుల వ్యాపారంలో ‘హెంప్’ అన్న ఒక్క మాట అనేక చిక్కులకు కారణమవుతున్నది. డెల్టా మాగాణుల్లో పశుగ్రాసానికీ పచ్చిరొట్టకూ వేసే జనుమును వర్తక పత్రాలలో ‘సన్ హెంప్’ అని రాస్తారు. ఉత్తర కోస్తాలో పండే గోగునారకు ‘డెక్కన్ హెంప్’ అనీ, ‘బిమిలీ జూట్’ అనీ పేర్లున్నాయి. అరటి జాతి మొక్క నుంచి తీసే నార ‘మనీలా హెంప్’. కిత్తనార ‘సిసల్ హెంప్’. వీటిలో ఏ ఒక్కదానికీ గంజాయి మొక్కతో సంబంధం లేదు. అసలు హెంప్ అనేది మాత్రం గంజాయి మొక్కే. చట్టం కన్ను ఉన్నది దాని మీదనే.

మిర్చి, పత్తి ధరలు దెబ్బ తిన్నప్పుడల్లా ప్రత్యామ్నాయ పంటల మాట వినబడుతుంది. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి తోటలను దెబ్బ తీసింది. 2025 ఆరంభంలో మిర్చి ధర పడిపోగా, మార్కెట్ జోక్య పథకం కింద కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర నిర్ణయించవలసి వచ్చింది. పత్తికి గులాబీ రంగు పురుగు బెడద తీరలేదు. ఇటువంటి సమయాలలో ‘పారిశ్రామిక హెంప్’కు ప్రపంచమంతటా గిరాకీ ఉన్నదనీ, నారకు, గింజకు, నూనెకు కొనుగోలుదారులు సిద్ధంగా ఉన్నారనీ చెప్పే మాటలు రైతునూ వర్తకునీ ఆకర్షిస్తాయి. గిరాకీ ఉన్న మాట అబద్ధం కాదు. కాని అది ఎవరి గిరాకీ, మొక్కలో ఏ భాగానికి గిరాకీ, ఆ భాగాన్ని చట్టం ఎలా చూస్తున్నది అన్న మూడు ప్రశ్నలకు సమాధానం దొరకకుండా బయానా ఇచ్చినవారు చిక్కులో పడతారు.

పేర్లలోని తికమక

జనుము చిక్కుడు కుటుంబానికి చెందిన మొక్క. పసుపుపచ్చ పూలు పూస్తుంది. వేళ్ల బుడిపెల ద్వారా భూమికి నత్రజనిని ఇస్తుంది. కాడను నానబెట్టి తీసిన నార తాళ్లకు, వలలకు, నాణ్యమైన కాగితానికి పనికివస్తుంది. గోగు బెండ, పత్తి మొక్కల కుటుంబానికి చెందినది. గోగునార మొక్క ఆకు చీలికలు గంజాయి ఆకును పోలి ఉండడంతో దాని శాస్త్రీయ నామంలో ‘కన్నాబినస్’ అన్న మాట చేరింది. పోలిక ఆకుకే పరిమితం, మత్తు గుణం లేదు. ఈ రెంటి సాగుకు, నిలవకు, రవాణాకు మత్తు పదార్థాల చట్టంతో నిమిత్తం లేదు.

తెలుగులోనూ తికమక ఉన్నది. ‘జనపనార’ అనే మాటను కొందరు జనుము నారకు, మరి కొందరు గోనె సంచుల జూట్‌కు వాడుతున్నారు. ‘హెంప్’ అని వచ్చిన చోటల్లా ‘జనపనార’ అని అనువదించడం వల్ల నిషిద్ధ పంట నిర్దోషమైన పంటగానూ, నిర్దోషమైన పంట అనుమానాస్పదంగానూ కనబడే ప్రమాదం ఉన్నది.

అంతర్జాతీయ సుంకాల పట్టికలో ఈ తేడాను స్పష్టంగా పాటించారు. గంజాయి జాతి మొక్క నుంచి తీసిన అసలు హెంప్ నారకు 5302 శీర్షిక. జూట్, తదితర కాడ నారలకు 5303 శీర్షిక. ఈ రెండవ శీర్షికలోనే అసలు హెంప్‌ను మినహాయించినట్లు రాసి ఉన్నది. జనుము నార, గోగునార ఎగుమతి చేసేవారు సరుకు పేరుతో పాటు మొక్క పేరును, శీర్షికను బిల్లులో రాయడం క్షేమం. ఉత్త ‘హెంప్’ అని రాసిన లాటు ఓడరేవులో ఆగిపోతే, నిలవ కిరాయి భరించేది వర్తకుడే.

సంతరావూరు చెప్పే పాఠం

గంజాయి మొక్క ఈ మైదానాలకు కొత్తది కాదు. 1893లో భారత ప్రభుత్వం గంజాయి, భంగు, చరస్‌ల సాగు, వాడకం, పన్నులపై విచారణకు ఒక సంఘాన్ని నియమించింది. దానికి అధ్యక్షుడు మాక్‌వర్త్ యంగ్. వెయ్యికి పైగా సాక్షులను విచారించి 1894లో నివేదిక సమర్పించారు. మద్రాసు రాజధానిలో గంజాయి కోసం మొక్కను సాగు చేసే ప్రాంతాల ప్రస్తావనలో నాటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలోని సంతరావూరు పేరు వస్తుంది. అప్పటికి గుంటూరు జిల్లా ఏర్పడలేదు. అది 1904లో ఏర్పడింది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది, తరువాత అదే ప్రకాశం జిల్లా అయింది. చినగంజాం మండలంలోని సంతరావూరు 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలో ఉన్నది.

ఆ సంఘం సంపూర్ణ నిషేధం అవసరం కాదని అభిప్రాయపడింది. సాగును లైసెన్సుతో పరిమితం చేయడం, సరుకును అదుపులో ఉంచడం, సుంకం వసూలు చేయడం సరైన మార్గమని సూచించింది. ఆనాటి ప్రభుత్వానికి ఎక్సైజు రాబడి ముఖ్యం. లైసెన్సు ఉన్న రైతుకు అమ్మకం ఖాయం. ఈ రెండు ప్రయోజనాలు కలిసినంత కాలం పంట నడిచింది. తరువాత మద్యనిషేధ విధానం వచ్చి, 1937 నాటి మద్రాసు మద్యనిషేధ చట్టం మత్తు పదార్థాలను కూడా తన పరిధిలోకి తెచ్చింది. ప్రభుత్వ విధానం మారగానే చట్టబద్ధమైన ఆ సరుకు నేరపు సరుకు అయింది.

అదే నివేదికలో వర్తకులకు పనికివచ్చే మరో విషయం ఉన్నది. నార కోసం ఈ మొక్కను సాగు చేయడం కుమావూ, గఢ్వాల్ వంటి హిమాలయ ప్రాంతాలకే పరిమితమని సంఘం గుర్తించింది. మైదానాలలో సాగు మత్తు కోసమే జరిగింది. నారకు ఈ ప్రాంతపు రైతు జనుమును, గోగును నమ్ముకున్నాడు.

దీనికి వ్యవసాయ కారణమూ ఉన్నది. గంజాయి జాతి మొక్క పగటి నిడివి తగ్గితే పూతకు వస్తుంది. ఐరోపా వంటి ఉత్తర దేశాలలో వేసవి పగలు చాలా పొడవు గనుక మొక్క ఏపుగా పెరిగి కాడ పొడుగు వస్తుంది. అదే విత్తనాన్ని గుంటూరు అక్షాంశంలో వేస్తే తొందరగా పూతకు వచ్చి కాడ పొట్టిగా మిగులుతుంది. కాడ పొట్టిదైతే నార తక్కువ. విదేశీ దిగుబడి లెక్కలను ఇక్కడి ఎకరానికి అన్వయించి చూపే ప్రతిపాదనలను ఈ కారణం చేతనే జాగ్రత్తగా పరిశీలించాలి.

1985 చట్టం ఏమంటున్నది

1961 నాటి అంతర్జాతీయ మత్తు పదార్థాల ఒడంబడికలో భారతదేశం చేరింది. కేవలం నార, గింజ వంటి పారిశ్రామిక అవసరాలకు లేదా తోటపనికి చేసే సాగుకు తమ నియమాలు వర్తించవని ఆ ఒడంబడిక 28వ అధికరణంలోనే ఉన్నది. దేశంలో మత్తు పదార్థాల చట్టం 1985లో వచ్చి, ఆ సంవత్సరం నవంబరు 14 నుంచి అమలైంది.

ఈ చట్టం ప్రకారం గంజాయి అంటే ఆ మొక్క పూత లేదా కాయ పట్టిన కొనలు. ‘ఏ పేరుతో పిలిచినా’ అని నిర్వచనంలోనే ఉన్నది. ‘హెంప్’ అన్నా, ‘మూలిక’ అన్నా, మరే వ్యాపార నామం పెట్టినా కొన కొనే. కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. కొనలతో కలిసి ఉంటే మినహాయింపు లేదు. విడి ఆకు విషయం రాష్ట్రాల ఎక్సైజు చట్టాల కిందకు వస్తుంది.

విదేశాలకూ మన దేశానికీ ముఖ్యమైన తేడా ఒకటి ఉన్నది. అమెరికా 2018లో చేసిన చట్టంలో మత్తు కలిగించే టీహెచ్‌సీ అనే రసాయనం ఎండు బరువులో 0.3 శాతం మించని మొక్కను హెంప్‌గా పరిగణించి, నిషిద్ధ జాబితా నుంచి తప్పించింది. మన కేంద్ర చట్టంలో అటువంటి శాతపు గీత లేదు. గంజాయి జాతికి చెందిన ఏ మొక్క అయినా గంజాయి మొక్కే. మత్తు తక్కువ రకమని విత్తనం సంచి మీద రాసి ఉన్నంత మాత్రాన సాగు చట్టబద్ధం కాదు.

సాగుకు దారి పూర్తిగా మూసివేయలేదు. 10వ సెక్షను రాష్ట్ర ప్రభుత్వాలకు అనుమతి, నియంత్రణ అధికారాలు ఇచ్చింది. 14వ సెక్షను కింద నార లేదా గింజ కోసం, లేదా తోటపని కోసం, షరతులతో సాగుకు ప్రభుత్వం ఉత్తరువు ఇవ్వవచ్చు. ఉత్తరువు లేని సాగుకు 20వ సెక్షను కింద పదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జుల్మానా ఉన్నాయి.

గింజ విషయంలో 2021 నవంబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధనలు ప్రకటించింది. హెంప్ గింజను, గింజ నూనెను, పిండిని ఆహారంగా అమ్మవచ్చు. కాని టీహెచ్‌సీ గింజలో కిలోకు 5 మిల్లీగ్రాములు, నూనెలో కిలోకు 10 మిల్లీగ్రాములు మించరాదు. గింజ అమ్మకానికి దారి తెరిచారు గనుక మొక్క సాగుకు కూడా తెరిచినట్లేనని భావించడం పొరపాటు. మొదటిది ఆహార నిబంధన, రెండవది మత్తు పదార్థాల చట్టం కింద రాష్ట్రం ఇవ్వవలసిన అనుమతి.

ఒకే మాట వెనుక మూడు పరిశ్రమలు

హెంప్ కోసం మాట్లాడే పరిశ్రమల ప్రయోజనాలు ఒకటి కావు. మొదటిది నార పరిశ్రమ. బట్టల మిల్లులు హెంప్ నారను పత్తితో కలిపి నూలు తీయడానికి వీలుగా మెత్తబరచే పద్ధతులు వాడుతున్నాయి. వీరికి కావలసింది ఒత్తుగా విత్తిన, పొడుగాటి కాడ. పూతతో పని లేదు. కాడ నానబెట్టడానికి నీరు, నార విడదీయడానికి యంత్రాలు దగ్గరలో ఉండాలి. పత్తికి జిన్నింగు మిల్లు ఎలాగో హెంప్‌కు ఆ యంత్రం అలాగ. జిన్నింగు లేని ఊరిలో పత్తి కొనేవాడు ఉండడు.

రెండవది గింజ పరిశ్రమ. నూనె, పిండి, మాంసకృత్తుల సరుకులు దీని కిందకు వస్తాయి. వీరికి మొక్క పూత దాటి గింజ పట్టాలి. అంటే చేనులో కొంత కాలం చట్టం నిషేధించిన ‘కాయ పట్టిన కొన’ తప్పక ఉంటుంది. లైసెన్సు, తనిఖీ లేకుండా ఈ సాగు సాధ్యం కాదు.

మూడవది ఔషధ పరిశ్రమ. మత్తు లేని సీబీడీ అనే రసాయనానికి విదేశాలలో పెద్ద మార్కెట్టు ఏర్పడింది. అది ప్రధానంగా పూత నుంచి వస్తుంది. మన చట్టం గంజాయి అని పేరు పెట్టిన భాగమే వీరి ముడిసరుకు. పైగా నార చేనులోని మగ మొక్కల పుప్పొడి గాలిలో పోయి పూత పంటను గింజ పట్టిస్తుంది, పూత నాణ్యత పోతుంది. కనుక మొదటి పరిశ్రమకు, మూడవ పరిశ్రమకు పక్కపక్క చేలలో పొసగదు. ‘హెంప్‌కు అనుమతి రాబోతున్నది’ అని ఎవరైనా చెబితే, ఈ మూడింటిలో దేనికి అని అడగవలసి ఉన్నది. నారకు వచ్చే అనుమతి పూత కొనుగోలుకు పనికిరాదు.

ఇతర రాష్ట్రాలు, ఇతర దేశాలు

ఉత్తరాఖండ్ 2018లో పారిశ్రామిక హెంప్ సాగుకు లైసెన్సు ఇచ్చింది. 1894 నివేదిక నార సాగును గుర్తించిన కుమావూ, గఢ్వాల్ ప్రాంతాలు ఆ రాష్ట్రంలోనివే. హిమాచల్ ప్రదేశ్ శాసనసభ 2024 సెప్టెంబరులో నియంత్రిత సాగును సిఫారసు చేసిన సంఘం నివేదికను ఆమోదించింది. ఒక రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఆ రాష్ట్రపు సాగుకే. దాని నకలు చూపి గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాలలో విత్తనం వేయరాదు.

ఆంధ్రప్రదేశ్‌లో పరిస్థితి వేరు. విశాఖ మన్యంలో అక్రమ గంజాయి సాగు చాలాకాలంగా సమస్య. 2021లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరిట పోలీసులు వేలాది ఎకరాల గంజాయి తోటలను నరికివేయించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపంలో సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని తగులబెట్టారు. 2024లో ‘ఈగల్’ పేరిట ప్రత్యేక విభాగం ఏర్పాటయింది. నిఘా ఇంత గట్టిగా ఉన్న రాష్ట్రంలో అనుమానానికి తావిచ్చే సరుకు ఏదైనా ముందు ఆగుతుంది, విచారణ తరువాత జరుగుతుంది.

చట్టం సడలిన దేశాలలోనూ వర్తకులకు ఇబ్బందులు తప్పలేదు. అమెరికాలో 2018 చట్టం తరువాత సీబీడీ కోసం సాగు ఒక్కసారిగా పెరిగి, ఒకటి రెండేళ్లలోనే సరుకు గుట్టలు పడి ధరలు కూలాయి. 2025 నవంబరులో అక్కడి ప్రభుత్వం హెంప్ నిర్వచనాన్ని మళ్లీ బిగించింది. థాయిలాండ్ 2022 జూన్‌లో గంజాయిని నిషిద్ధ జాబితా నుంచి తీసివేసి, 2025 జూన్‌లో పూత అమ్మకానికి వైద్యుని చీటీ తప్పనిసరి చేసింది. మూడేళ్లలో దుకాణాలు పెట్టినవారి నిలవలు చిక్కులో పడ్డాయి. సంతరావూరు అనుభవమే విదేశాలలో పునరావృతమైనది.

లైసెన్సు పంట ఎలా నిలబడుతుందో ఈ ప్రాంతంలోనే పొగాకు చూపుతున్నది. 1975 చట్టం కింద ఏర్పడి గుంటూరు కేంద్రంగా పనిచేస్తున్న పొగాకు బోర్డు వర్జీనియా సాగుదారులను నమోదు చేస్తుంది, ఎంత పండించాలో నిర్ణయిస్తుంది, వేలం నడుపుతుంది. ధర ఒక సంవత్సరం పడినా, రైతుకు తన సరుకు చట్టబద్ధమైనదా అన్న సందేహం లేదు. హెంప్‌కు ఈ ప్రాంతంలో అటువంటి నమోదూ లేదు, వేలమూ లేదు.

గిడ్డంగి, లారీ, టిక్కీ

హెంప్ వ్యాపారం తలపెట్టని వర్తకులకు కూడా ఈ చట్టం తెలిసి ఉండడం అవసరం. మన్యం నుంచి చెన్నై వైపు పోయే 16వ నంబరు జాతీయ రహదారి గుంటూరు, చిలకలూరిపేట, ఒంగోలు మీదుగా వెళుతుంది. చట్టబద్ధమైన సరుకు మాటున గంజాయి దాచి తరలించడం దొంగ రవాణాదారులకు అలవాటు.

గంజాయి ఒక కిలో వరకు స్వల్ప పరిమాణం, 20 కిలోలు వాణిజ్య పరిమాణం. వాణిజ్య పరిమాణానికి శిక్ష పదేళ్లకు తగ్గదు, ఇరవై ఏళ్ల వరకు పోవచ్చు. జుల్మానా లక్షకు తగ్గదు. 37వ సెక్షను వల్ల బెయిలు దొరకడం కష్టం. గుంటూరు యార్డులో ఒక్క మిర్చి టిక్కీ తూకం 40 కిలోల పైమాట. అంటే ఒక్క టిక్కీ గోతంలో గంజాయి నింపి మధ్యలో పెట్టినా అది వాణిజ్య పరిమాణానికి రెట్టింపు.

మత్తు సరుకును దాచడానికి వాడిన ఇతర సరుకును కూడా 61వ సెక్షను కింద జప్తు చేయవచ్చు. అనగా పైన పేర్చిన మిర్చి టిక్కీలకు కూడా ముప్పే. 60వ సెక్షను కింద లారీ జప్తు కాకుండా ఉండాలంటే తనకు, తన ఏజెంటుకు, బండి నడిపేవానికి తెలియకుండా జరిగినదనీ, ప్రతి ఒక్కరూ తగిన జాగ్రత్తలు తీసుకున్నారనీ యజమాని రుజువు చేసుకోవాలి. విచారణ ముగిసేలోగా వాహనాన్ని తాత్కాలికంగా విడుదల చేయడానికి ఈ చట్టం అడ్డురాదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. అది ఊరట మాత్రమే, విముక్తి కాదు. తెలిసి తన స్థలాన్ని వాడుకోనిచ్చిన గిడ్డంగి యజమానికి 25వ సెక్షను కింద అసలు నేరానికి ఉన్న శిక్షే వర్తిస్తుంది. నేరపు ఉద్దేశం లేదని రుజువు చేసుకునే భారం నిందితునిపైనే 35వ సెక్షను పెట్టింది.

కనుక కోల్డ్ స్టోరేజీలో, కమీషను కొట్టులో దస్తరం సరిగా ఉండడమే రక్షణ. లాటు వారీగా సరుకు తెచ్చినవారి పేరు, తూకం, లారీ నంబరు, ఎక్కించిన చోటు, దించిన వేళ రాసి ఉండాలి. తెలియని బేరగాడు అద్దెకు మించి ఇస్తానని, గోతాలు విప్పకుండా నిలవ ఉంచమంటే ఒప్పుకోరాదు. దారిలో అదనపు సరుకు ఎక్కించరాదన్న షరతు లారీ రశీదు మీద రాయించాలి.

ఒప్పందానికి ముందు

హెంప్ సాగు లేదా కొనుగోలు ప్రతిపాదన వచ్చినప్పుడు వర్తకులు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ప్రతిపాదించిన మొక్క జనుమా, గోగా, గంజాయి జాతిదా అన్నది మొదటి ప్రశ్న. గంజాయి జాతిదైతే ఈ రాష్ట్రంలో, ఆ సర్వే నంబరుకు, ఆ సంవత్సరానికి ప్రభుత్వం ఇచ్చిన ఉత్తరువు ఎక్కడ అన్నది రెండవది. కొనేది కాడా, గింజా, పూతా అన్నది మూడవది. పరీక్షలో టీహెచ్‌సీ పరిమితి దాటితే చేను నాశనం చేయవలసి వస్తుంది, ఆ నష్టం రైతుదా, కంపెనీదా అన్నది నాలుగవది. నార తీసే యంత్రం ఎంత దూరంలో ఉన్నది, రవాణా ఖర్చు ఎవరిది అన్నది అయిదవది. రెండవ ప్రశ్నకు కాగితం చూపలేని పక్షంలో మిగతావి అడగనవసరం లేదు.

జనుము, గోగు వ్యాపారానికి ఏ అడ్డూ లేదు. వాటి నారకు, విత్తనానికి, పచ్చిరొట్టకు ఉన్న గిరాకీని పేరులోని పోలిక వల్ల వదులుకోవలసిన పని లేదు. బిల్లులో, వే బిల్లులో, సంచి మీద మొక్క పేరు స్పష్టంగా రాసి, ‘హెంప్’ అన్న ఒంటి మాటను మానివేస్తే సగం చిక్కు పోతుంది. అసలు హెంప్‌కు రాష్ట్ర విధానం రేపు మారినా, ఉత్తరువు వెలువడి, షరతులు తెలిసి, కొనుగోలుదారు లైసెన్సు చూపిన తరువాతే బయానా మాట్లాడుకోవడం వ్యాపార ధర్మం.